మూడు తొమ్మిదులు పడ్డా చిప్పులు ఎందుకు తక్కువ వచ్చాయి? (క్యాసినో హోల్డెమ్)

శ్రీను_కొత్త:

అందరికీ నమస్కారం. ఆన్‌లైన్‌లో క్యాసినో హోల్డెమ్ (డీలర్‌తో ఆడే ఒక రకం పోకర్) నేర్చుకుంటున్నాను. ఇంకా డబ్బు పెట్టలేదు. ఉచిత మోడ్‌లో ఇచ్చే 1,000 చిప్పులతోనే ఆడుతున్నాను. నిన్న జరిగిన ఒక ఆట నాకు అస్సలు మింగుడుపడలేదు. ముక్కలతో సహా రాస్తున్నాను, తెలిసినవాళ్లు చెప్పండి.

నా చేతిలో ఇస్పేట్ 9, ఆటీన్ 9. ఫ్లాప్‌లో, అంటే అందరికీ కలిపి నేల మీద తిప్పే మొదటి మూడు ముక్కల్లో, కళావర్ 9, డైమన్ రాజు, ఇస్పేట్ 2. అంటే అప్పటికే మూడు తొమ్మిదులు. యాంటీ (ముక్కలు పంచకముందు పెట్టే పందెం) 10 చిప్పులు పెట్టి ఉన్నాను, ఇంకో 20 పెట్టి కాల్ చేశాను, అంటే ఆటలో కొనసాగాను. తర్వాత ఆటీన్ జాకీ, కళావర్ 6 పడ్డాయి. డీలర్ తిప్పితే డైమన్ రాణి, ఆటీన్ 7. అతని దగ్గర జత కూడా లేదు. 30 పెట్టాను కాబట్టి ఇంకో 30 వస్తుందనుకున్నాను. లాభం 10 మాత్రమే వచ్చింది! "డీలర్ క్వాలిఫై కాలేదు" అని స్క్రీన్ మీద పడింది. నేను గెలిస్తే నాకెందుకు తక్కువ ఇవ్వాలి?

ఇంకో సంగతి. స్నేహితులతో మామూలు హోల్డెమ్ చాలాసార్లు ఆడాను. మంచి ముక్కలు వస్తేనే ఆడాలి, లేకపోతే వదిలేయాలి అని అక్కడ నేర్చుకున్నాను. ఇక్కడా అలాగే ఓపిగ్గా ఆడుతున్నా, 1,000 చిప్పులు రెండు గంటల్లో ఖాళీ అవుతున్నాయి. ఇప్పటికి మూడుసార్లు అయింది. సాఫ్ట్‌వేర్‌లోనే ఏదైనా మోసం ఉందా?

లెక్కల_సుభద్ర:

శ్రీను గారూ, ముక్కలన్నీ వివరంగా రాయడం మంచిదైంది. మీ రెండు ప్రశ్నలకీ మూలం ఒకటే. పేరులో హోల్డెమ్ ఉంది కదా అని మీరు దీన్ని మనుషులతో ఆడే పోకర్‌లా ఆడుతున్నారు. ఇక్కడ మీ ఎదురుగా ఉన్నది టేబుల్. దానికి మొహం ఉండదు, భయం ఉండదు, బ్లఫ్ చేస్తే వెనక్కి తగ్గదు. రాసి పెట్టిన నియమాల ప్రకారం నడుస్తుంది, అంతే. కాబట్టి మనం కూడా ఆ నియమాల లెక్కనే పట్టుకోవాలి.

ముందు మీ తొమ్మిదుల సంగతి. డీలర్ ఆట లెక్కలోకి రావాలంటే అతనికి కనీసం నాలుగుల జత ఉండాలి. దాన్నే క్వాలిఫై అవడం అంటారు. నాలుగుల జత కూడా లేకపోతే, మీ యాంటీకి పట్టిక ప్రకారం చెల్లిస్తారు, కాల్ పందెం మీది మీకు తిరిగి ఇచ్చేస్తారు. మీ దగ్గర ఉన్నది త్రీ ఆఫ్ ఎ కైండ్. ఎక్కువ చోట్ల ఉండే పట్టికలో స్ట్రెయిట్ (వరుసగా వచ్చే ఐదు ముక్కలు) దాకా ఏది వచ్చినా యాంటీకి ఒకటికి ఒకటే. ఫ్లష్‌కి (ఒకే గుర్తువి ఐదు) 2, ఫుల్ హౌస్‌కి (ఒకటే రకం మూడు, ఇంకో జత) 3, ఫోర్ ఆఫ్ ఎ కైండ్‌కి (ఒకటే రకం నాలుగు) 10, స్ట్రెయిట్ ఫ్లష్‌కి (ఒకే గుర్తులో వరుస) 20, రాయల్ ఫ్లష్‌కి (అదే వరుస 10 నుంచి ఆసు దాకా) 100. అందుకే మీకు యాంటీ మీద 10 లాభం వచ్చింది, కాల్ పెట్టిన 20 చేతికి తిరిగి వచ్చింది. డీలర్‌కి ఒక నాలుగుల జత ఉండి ఉంటే మీకు 30 లాభం వచ్చేది. అంటే ఆ ఆటలో డీలర్ ముక్కలు మరీ చెత్తగా ఉండటమే మీకు నష్టం చేసింది. మొదటిసారి నాకు ఇలా జరిగినప్పుడు నాకూ కోపం వచ్చింది. నా చేతిలో ఫ్లష్ ఉంది, డీలర్ దగ్గర ఏమీ లేదు.

కానీ ఈ నియమానికి రెండో వైపు ఉంది, మీరు దాన్ని వాడుకోవడం లేదు. డీలర్ క్వాలిఫై కాకపోతే, మీ దగ్గర ఏమీ లేకపోయినా, అతని ముక్క మీ ముక్క కన్నా పెద్దదైనా, కాల్ చేసి ఉంటే చాలు, యాంటీ మీరు గెలిచినట్టే. ఫోల్డ్ చేసినవాడికి, అంటే కాల్ చేయకుండా ముక్కలు వదిలేసినవాడికి మాత్రం ఇది దక్కదు.

ఇప్పుడు అసలు విషయం, ఫోల్డ్. ఇది కాగితం మీద వేసి చూడండి. యాంటీ 10 అనుకుందాం. ఫోల్డ్ చేస్తే 10 ఖాయంగా పోతుంది. కాల్ చేసి ఓడితే మొత్తం 30 పోతుంది, గెలిస్తే 30 వస్తుంది. డీలర్ ప్రతిసారీ క్వాలిఫై అవుతాడనే అనుకోండి. మూడు ఆటలు కాల్ చేసి ఒకటి గెలిచి రెండు ఓడితే ఎంత పోయింది? 60 పోయి 30 వచ్చింది, అంటే 30 నష్టం. అవే మూడు ఆటలు ఫోల్డ్ చేసినా 30 నష్టమే! కాబట్టి మూడింట ఒక వంతు కన్నా కొంచెం ఎక్కువ గెలిచే అవకాశం ఉన్నా కాల్ చేయడమే మేలు. డీలర్ క్వాలిఫై కాని ఆటలు కూడా కలుపుకుంటే అంత అవకాశం కూడా అక్కర్లేదు.

మనుషులతో ఆడేటప్పుడు ఓడే అవకాశం ఎక్కువైతే వదిలేస్తాం, తర్వాత మంచి ముక్కలు వచ్చినప్పుడు వాళ్ల చిప్పులు లాగుతాం. ఇక్కడ ఎంత మంచి ముక్కలు వచ్చినా టేబుల్ ఇచ్చేది పట్టికలో ఉన్నంతే. రెండు రెట్లు మించి కాల్ కూడా పెట్టనివ్వదు. వదిలేసుకున్న యాంటీలు ఇక తిరిగి రావు. సరిగ్గా లెక్కేసి ఆడేవాళ్లు ఈ ఆటలో దాదాపు 82 శాతం సార్లు కాల్ చేస్తారు. అంటే వందలో 18 సార్లే ఫోల్డ్. మీరు ఎన్ని ఫోల్డ్ చేస్తున్నారో ఒకసారి లెక్కపెట్టండి.

నేను లెక్కపెట్టాను. నాదీ మీ అలవాటే. రూళ్ల నోట్‌బుక్‌లో పేజీకి 25 ఆటల చొప్పున రాసుకున్నాను. యాంటీ ఎప్పుడూ 10 చిప్పులే. మొదటి 300 ఆటల్లో 171 సార్లు ఫోల్డ్ చేశాను. అక్కడే 1,710 చిప్పులు పోయాయి. ఆడిన 129 ఆటల్లో బాగానే గెలిచి 940 వెనక్కి వచ్చింది. చివరికి 770 నష్టం. ఆ 171 అనే అంకె కింద ఎర్ర పెన్నుతో గీత గీసుకుని, లెక్క మార్చి మళ్లీ 300 ఆడాను. ఈసారి ఫోల్డ్ 58. నష్టం 150. మూడొందల ఆటల్లో అదృష్టం ఎటైనా ఊగుతుంది, ఆ 150ని పట్టుకుని ఏదీ తేల్చలేం. కానీ ఫోల్డ్ వల్ల పోయినవి 1,710 నుంచి 580కి దిగడం అదృష్టం కాదు.

ఏది వదలాలి, ఏది ఆడాలి అంటే, నేను చూసుకునేది ఇంతే. జత ఏదైనా సరే, కాల్. చేతిలో ఆసు గానీ రాజు గానీ ఉంటే మామూలుగా కాల్. ఫ్లాప్‌లో ఉన్న ముక్కల కన్నా నా రెండూ పెద్దవైతే కాల్. చేతిలోవీ ఫ్లాప్‌లోవీ కలిపి నాలుగు ఇస్పేట్‌లు ఉండి ఐదోది కావాలనుకోండి, నాకు కనబడని 47 ముక్కల్లో ఇస్పేట్‌లు 9. ఇంకా రెండు ముక్కలు పడాలి, ఒకటైనా ఇస్పేట్ పడే అవకాశం 35 శాతం. ఆ ఒక్క ఆశే మూడో వంతు దాటేసింది, ఇక ఆలోచించే పని లేదు.

ఒక ఉదాహరణ. చేతిలో ఇస్పేట్ రాజు, డైమన్ 8. ఫ్లాప్ ఆటీన్ 10, కళావర్ 5, డైమన్ 2. ఏమీ కలవలేదు. మీరైతే వదిలేస్తారు, అవునా? రాజు గానీ ఎనిమిది గానీ పడి జత కలిసే అవకాశమే దాదాపు 24 శాతం. దానికి తోడు డీలర్ క్వాలిఫై కాని సార్లు ఉంటాయి. కాల్ చేయండి. చాలాసార్లు ఓడిపోతారు. అయినా, మొత్తం మీద సగటున చూస్తే ప్రతిసారీ ఫోల్డ్ చేసిన దానికన్నా తక్కువే పోతుంది. దీన్ని ఒప్పుకోవడానికే నాకు నెల పట్టింది.

ఒకటి మాత్రం మనసులో పెట్టుకోండి. ఎంత బాగా ఆడినా ఈ ఆటలో లాభం టేబుల్‌దే. నేను పైన రాసిన పట్టికతో, తప్పు లేకుండా ఆడితే, యాంటీ మీద సగటున 2.16 శాతం టేబుల్‌కి పోతుంది. 10 చిప్పుల యాంటీతో 300 ఆటలకి సుమారు 65 చిప్పులు. ఇది తక్కువే అనిపిస్తుంది. కానీ గడియారం చూసుకోండి. కంప్యూటర్ పంచే ఆటలో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను, పది నిమిషాల్లో 48 ఆటలు అయిపోయాయి. వీడియోలో మనిషి పంచే లైవ్ టేబుల్ దగ్గర పది నిమిషాలకి 9. అదే ఆట, అదే శాతం, గంటకి పోయేది మాత్రం ఐదు రెట్లు తేడా.

రాత్రి_డ్యూటీ:

సుభద్ర గారు ఆట గురించి చెప్పేశారు, మోసం గురించి నేను రాస్తాను. సాఫ్ట్‌వేర్ రాయడమే నా పని.

52 ముక్కల్ని ఎన్ని వరుసల్లో పేర్చవచ్చో తెలుసా? 8 పక్కన 67 సున్నాలు పెడితే సుమారుగా అంత. ఆ సంఖ్యకి సరిపడా యాదృచ్ఛికంగా కలపగలిగితేనే అది నిజమైన కలపడం. 1999లో ఒక ఆన్‌లైన్ పోకర్ సైట్ మేం నిజాయితీగా కలుపుతున్నాం చూడండి అని తమ కోడ్‌ని బయటపెట్టింది. సాఫ్ట్‌వేర్ భద్రత మీద పనిచేసే ఒక బృందం దాన్ని చదివి తప్పు పట్టేసింది. కలపడానికి వాడిన విత్తనం సంఖ్య, అంటే సీడ్, 32 బిట్లది. అంటే ఎంత చేసినా 400 కోట్ల చిల్లర వరుసలే వస్తాయి. పైగా ఆ సంఖ్యని సర్వర్ గడియారం నుంచి, అర్ధరాత్రి నుంచి ఎన్ని మిల్లీసెకండ్లు గడిచాయో దాన్నుంచి తీసుకున్నారు. రోజుకి 8 కోట్ల 64 లక్షల మిల్లీసెకండ్లు, అంతే. గడియారం సుమారుగా తెలిస్తే వెతకాల్సినవి ఇంకా తగ్గిపోతాయి. వాళ్లు తమ చేతిలో రెండు ముక్కలు, ఫ్లాప్‌లో మూడు, మొత్తం ఐదు చూసి, మిగతా అందరి ముక్కలూ ఆట నడుస్తుండగానే చెప్పగలిగారు.

అక్కడ సైట్‌కి మోసం చేసే ఉద్దేశం లేదు. కోడ్ సరిగ్గా రాయలేదు, అంతే. అందుకే ఇప్పుడు లైసెన్స్ ఉన్న చోట్ల ఆర్ఎన్‌జిని, అంటే యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే ప్రోగ్రామ్‌ని, బయటి ల్యాబ్‌తో పరీక్ష చేయిస్తారు. ఆట సమాచారం పేజీలో లైసెన్స్ ఇచ్చింది ఎవరు, పరీక్షించింది ఎవరు, ఆట తిరిగిచ్చే శాతం ఎంత అనేవి రాసి ఉండాలి. ఆ లైసెన్స్ నంబర్‌ని ఇచ్చినవాళ్ల సొంత వెబ్‌సైట్‌లో వెతికి చూడండి. సైట్ అడుగున ఉన్న బొమ్మని నమ్మకండి, బొమ్మ ఎవరైనా అంటించుకోవచ్చు.

శ్రీను గారూ, మీ విషయంలో మాత్రం నాకు మోసం కనబడటం లేదు. మీరు చెప్పినదంతా నియమాల ప్రకారమే జరిగింది.

హరిత:

నేను చెప్పేది ముక్కల గురించి కాదు. రేపు డబ్బుతో మొదలుపెడదాం అనుకుంటే దయచేసి ఇది చదవండి. మీరున్న చోట చట్టం ఒప్పుకుంటుందో లేదో అన్నిటికన్నా ముందు చూసుకోండి. ఒప్పుకోకపోతే ఉచిత మోడ్‌తోనే ఆపేయండి, ఆట అక్కడా ఇదే.

నేను ఒక సైట్‌లో (పేరు రాయను) 100 చిప్పులు కట్టాను, ఇంకో 100 బోనస్ అన్నారు. సంతోషంగా తీసుకున్నాను. మూడు రోజులకి ఖాతాలో 260 అయింది. తీసుకుందామని నొక్కితే రాలేదు. బోనస్‌కి 30 రెట్లు పందెం కాయాలట. అంటే 3,000. సరే అని లెక్కేసుకుంటే, నిబంధనల్లో ఇంకో వాక్యం ఉంది. టేబుల్ ఆటల్లో కాసిన పందెంలో పదో వంతే లెక్కలోకి వస్తుందట. అంటే నేను ఆడే ఆటలో 30,000 చిప్పుల పందేలు కాయాలి! ఆ వాక్యం మొదటి రోజే అక్కడ ఉంది, నేనే చదవలేదు. కానీ బోనస్ అన్న మాట అంత పెద్ద అక్షరాల్లో పెట్టినవాళ్లు ఈ షరతుని అంత చిన్న అక్షరాల్లో దాచడం నాకు ఇప్పటికీ తప్పే అనిపిస్తుంది.

ఆ 260 ఏమైందో కూడా చెబుతాను. ఆ 30,000 పూర్తి చేయాలన్న పట్టుదలతో రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను. 260 కాస్తా 90 అయింది. పోయింది రాబట్టాలని యాంటీ 5 నుంచి 20కి పెంచాను. నలభై నిమిషాల్లో సున్నా. అప్పటి నుంచి ఖాతా సెట్టింగుల్లో రోజు పరిమితి పెట్టుకున్నాను. తగ్గించాలంటే వెంటనే తగ్గుతుంది, పెంచాలంటే ఒక రోజు ఆగాలి. ఆ ఒక్క రోజు ఆగడం నన్ను రెండుసార్లు కాపాడింది.

ఇంకోటి, టేబుల్ మీద యాంటీ పక్కన AA అని ఇంకో గడి ఉంటుంది కదా. మీ రెండు ముక్కలు, ఫ్లాప్ కలిపి ఆసుల జత గానీ అంతకన్నా పెద్దది గానీ వస్తే దానికి వేరే చెల్లింపు. చూడటానికి 7 రెట్లు, 20 రెట్లు అని ఆశగా ఉంటుంది. దాన్లో టేబుల్‌కి మిగిలేది అసలు ఆట కన్నా చాలా ఎక్కువ. నేనైతే ఆ గడి ముట్టుకోను.

మూడు_ముక్కలు:

కొత్తవాళ్లకి త్రీ కార్డ్ పోకర్ తేలిక అని నా అభిప్రాయం. ముక్కలు మూడే, నిర్ణయం ఒకటే. రాణి, 6, 4 లేదా అంతకన్నా పెద్దది ఉంటే ఆడాలి, లేకపోతే వదలాలి. డీలర్ రాణి లేదా అంతకన్నా పెద్దది ఉంటేనే క్వాలిఫై అవుతాడు. ఒక్క విషయంలో జాగ్రత్త: ఇందులో ఫ్లష్ కన్నా స్ట్రెయిట్ పెద్దది. మూడు ముక్కలతో వచ్చే 22,100 కలయికల్లో స్ట్రెయిట్‌లు 720, ఫ్లష్‌లు 1,096. అరుదైనదే పెద్దది. మన మూడు ముక్కలాట ఆడినవాళ్లకి ఈ వరుస కొత్తగా అనిపించదు, అయిదు ముక్కల పోకర్ నుంచి వచ్చినవాళ్లే తికమకపడతారు.

శ్రీను_కొత్త:

అందరికీ చాలా థాంక్స్. సుభద్ర మేడమ్, మీరు చెప్పినట్టు ఈ రోజు 100 ఆటలు కాగితం మీద రాసుకుంటూ ఆడాను. మొదటి 50లో నా పాత పద్ధతిలోనే వెళ్తే 31 ఫోల్డ్‌లు. చూసి భయమేసింది. తర్వాతి 50లో మీ లెక్క పాటించాను, ఫోల్డ్‌లు 11. ఒట్టి రాజుతో కాల్ నొక్కేటప్పుడు మాత్రం టెన్షన్‌గానే ఉంది.

హరిత గారూ, బోనస్ సంగతి నాకు అస్సలు తెలియదు. డబ్బు ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

ఒక ఆట దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. చేతిలో ఇస్పేట్ 6, డైమన్ 3. ఫ్లాప్ ఆటీన్ రాణి, కళావర్ రాణి, కళావర్ 10. రాణుల జత నేల మీదే ఉంది కాబట్టి నాకూ జత ఉన్నట్టే కదా, "జత ఏదైనా సరే, కాల్" అని మీరే అన్నారని కాల్ చేశాను. 30 పోయాయి. ఇది తప్పా, దురదృష్టమా?

లెక్కల_సుభద్ర:

తప్పు. నేను సరిగ్గా రాయకపోవడం వల్ల జరిగిన తప్పు. జత అన్నప్పుడు నా ఉద్దేశం మీ చేతిలోని ముక్క కలిసిన జత. నేల మీది రాణులు మీకెంతో డీలర్‌కీ అంతే. పైగా ఆ రాణుల వల్ల డీలర్ ముక్కలు తిప్పకముందే క్వాలిఫై అయిపోయాడు. అంటే అతను క్వాలిఫై కాకపోతే యాంటీ వస్తుందన్న మీ ఆశ ఫ్లాప్‌లోనే పోయింది. ఇక మిగిలింది 6 గానీ 3 గానీ పడటం. అది దాదాపు 24 శాతం. పడినా డీలర్‌కి అంతకన్నా పెద్ద జత కలవకూడదు. పడకపోతే పక్క ముక్క పెద్దదెవరిదో చూస్తారు, అక్కడ 6 పెట్టుకుని మీరు గెలవడం చాలా అరుదు. అన్నీ కలిపినా మూడో వంతుకి చాలా దూరం. ఫ్లాప్‌లో నాలుగులు గానీ అంతకన్నా పెద్ద జత గానీ పడి, మీ చేతిలో రెండూ చిన్న ముక్కలైతే ఫోల్డ్. ఆ పద్దెనిమిది శాతం ఇలాంటి వాటికోసమే.

రాజుతో కాల్ చేసేటప్పటి టెన్షన్ నాకూ రెండో నోట్‌బుక్ సగం దాకా పోలేదు. రేపటి 100 ఆటల్లో ఫోల్డ్ చేసిన ప్రతిసారీ ఎందుకు చేశారో పక్కన రెండు ముక్కల్లో రాయండి. ఇక్కడ పెడితే చూస్తాను.